తొలిచూపు తీర్పులు – పాత్రచిత్రణ

కథలోకి ఒక మనిషి మొదటిసారి అడుగు పెట్టగానే పాఠకుడు అతన్ని గురించి ఒక తీర్పు చేసుకుంటాడు. అతను మంచివాడా చెడ్డవాడా, నమ్మదగినవాడా కాదా, తెలివైనవాడా వెర్రివాడా అన్నది రెండు మూడు వాక్యాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత వచ్చే పేజీలన్నీ ఆ తీర్పును బలపరచడానికో సవరించడానికో పనికివస్తాయి. ఈ సంగతి ప్రతి రచయితకూ తెలుసు. తెలుసు గనుకనే పాత్రను ప్రవేశపెట్టే చోట ముక్కూ, మీసమూ, గొంతూ, నడకా జాగ్రత్తగా ఏరుకుంటాడు. అయితే, ఏరుకున్న ఆ గుర్తులకూ మనిషి స్వభావానికీ నిజంగా ఎంత సంబంధం వున్నది అనే ప్రశ్న మన విమర్శలో చాలా తక్కువగా వినబడుతుంది. పాత్ర ‘కళ్లకు కట్టినట్టు’ వున్నదని మెచ్చుకుని వూరుకుంటాం. మన కళ్లకు కట్టినది మనిషి రూపమా, లేక ఎప్పటినుంచో కట్టివున్న గంతలా అని అడగం.

ఈ విషయంమీద మన జనం రెండు మాటలూ చెప్పుకున్నారు. ‘ముఖం మనసుకు అద్దం’ అంటారు. ‘పైన పటారం, లోన లొటారం’ అనీ అంటారు. మోసపోకముందు మొదటి సామెత, మోసపోయిన తర్వాత రెండో సామెత గుర్తుకు రావడం మామూలు. రెండూ ఒకేసారి పూర్తిగా నిజం కావడానికి వీల్లేదు. ఏది ఎక్కడ ఎంతవరకు నిజమో తేల్చుకోవాలి. తొలిచూపులో కొన్ని విషయాలు సరిగానే తెలుస్తాయి. కాని, ఏ విషయాలమీద ఒక మనిషి బతుకు ఆధారపడి వుంటుందో, అంటే అతని నిజాయితీ, మంచితనం, నేరప్రవృత్తి, వాటిలోనే తొలిచూపు ఎందుకూ కొరగాదు. అక్కడ మనం చూస్తున్నామనుకునేది చాలావరకు మనకు ముందే నేర్పిపెట్టిన పాఠం. కాబట్టి తొలిచూపును తన తీర్పుగా పాఠకుడి చేతికిచ్చే రచయిత, ఎంత మంచి ఉద్దేశంతో ఇచ్చినా, ఆ పాఠాన్నే మరోసారి వల్లె వేయిస్తున్నాడు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే.

1

ఆకారంలో గుణాన్ని చదవవచ్చుననే నమ్మకం చాలా పాతది. మన సాముద్రికం చేతిరేఖల దగ్గరే ఆగలేదు. బాహువుల పొడవు, వక్షస్థలం వెడల్పు, కంటికొసల ఎరుపు దాకా లెక్కకట్టి ఫలానివి రాజలక్షణాలని చెప్పింది. మన ప్రబంధనాయకులు ఆ లక్షణాలతోనే పుట్టారు. ఐరోపాలో ఈ నమ్మకానికి శాస్త్రం వేషం వేసినవాడు స్విట్జర్లాండు మతాచార్యుడు లావాటర్. 1775–78 మధ్య ముఖలక్షణాలమీద అతను వేసిన నాలుగు సంపుటాలను చదువుకున్నవాళ్లంతా నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లలో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఒకడు. 1831లో తన ఓడలో ప్రయాణం చేయడానికి వచ్చిన యువకుడి ముక్కు చూసి, ఇలాంటి ముక్కున్నవాడికి అంత దూర ప్రయాణానికి కావలసిన శక్తీ పట్టుదలా వుండవని ఆయన సందేహించాడు. ఆ యువకుడు చార్లెస్ డార్విన్. ఈ ముక్కు సంగతి డార్విన్ తానే ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఫిట్జ్‌రాయ్ తన చూపును చివరిదాకా నమ్మి వుంటే జీవశాస్త్ర చరిత్ర మరోలా వుండేది.

ముక్కు చూసి ఓడ ఎక్కించుకోకపోవడం చిన్న అన్యాయం. ముక్కు చూసి జైల్లో పెట్టడం పెద్దది. 1876లో ఇటలీ వైద్యుడు లొంబ్రోసో నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనీ, దవడలోనూ చెవుల్లోనూ నుదుటిలోనూ ఆ గుర్తులు కనిపిస్తాయనీ పుస్తకం రాశాడు. 1913లో ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ దాదాపు మూడు వేలమంది ఖైదీల శరీరాలు కొలిచిన ఫలితాలు ప్రకటించి, అలాంటి ప్రత్యేకమైన నేరస్థుల ఆకారం ఏదీ లేదని తేల్చాడు. లొంబ్రోసో సిద్ధాంతం శాస్త్రంలో ఓడిపోయింది. పోలీసుస్టేషన్లలో మాత్రం అంత తొందరగా ఓడిపోలేదు.

మన దేశంలో ఈ చదువుకు పాలకుల అండ కూడా దొరికింది. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులంలో అంతస్తు తగ్గుతుందని రిజ్లీ అనే ఇంగ్లీషు అధికారి 1890లలో సిద్ధాంతం చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన థర్‌స్టన్ దక్షిణాది జనం తలలూ ముక్కులూ కొలిచాడు. కులాల గురించీ తెగల గురించీ అతను సేకరించినదంతా 1909లో ఏడు సంపుటాలుగా వెలువడింది. రెండేళ్ల తర్వాత, 1911లో, నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ముక్కు కొలతల వల్లనే ఆ చట్టం వచ్చిందని అనడం సరికాదు. ఉత్తరాదిలో అది 1871 నుంచే వున్నది. కాని, రెండింటి వెనుకా వున్న ఆలోచన ఒక్కటే. మనిషి ఏం చేశాడో చూడనక్కరలేదు. ఎవరికి పుట్టాడో, ఎలా వున్నాడో చూస్తే చాలు. ఎరుకలవాళ్ల వంటి కులాలు పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో చేరిపోయాయి. వేళకు పోలీసులముందు హాజరు చెప్పుకోవాలి. చెప్పకుండా ఊరు దాటకూడదు. మన స్టూవర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగా పుట్టిన ఊరే. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. స్టూవర్టుపురం పేరు వినగానే దొంగల కథలు చెప్పుకునే అలవాటు రద్దు కాలేదు. ఆ పేరుతో సినిమాలు కూడా వచ్చాయి.

2

అయితే తొలిచూపు అంతా అబద్ధమేనా? అలా అనేస్తే మన పని తేలికవుతుంది గాని నిజం కాదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు వందేళ్లుగా దీన్ని పరీక్షిస్తున్నారు. వాళ్లు తేల్చిన సంగతులు రచయితలకు పనికివస్తాయి.

1920లో అమెరికాలో థార్న్‌డైక్ సైనికాధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు పరిశీలించాడు. శరీరదార్ఢ్యానికి మంచి మార్కులు వేసిన మనిషికే తెలివికీ, నాయకత్వానికీ, శీలానికీ కూడా మంచి మార్కులు పడ్డాయి. ఒక్క గుణం వెలుగు మిగతా గుణాలన్నిటిమీదా పడి, లేనివి కూడా వున్నట్టు చూపించింది. 1946లో సాలమన్ యాష్ ఇంకా సులువైన ప్రయోగం చేశాడు. ఒక మనిషిని గురించి ఏడు విశేషణాలు చదివి వినిపించాడు. తెలివైనవాడు, నేర్పరి, కష్టపడేవాడు, పట్టుదల గలవాడు, ఇలా. రెండు జట్లకూ జాబితా ఒకటే. ఒక జట్టుకు చదివిన దానిలో ‘ఆప్యాయత గలవాడు’ అని వున్న చోట, రెండో జట్టుకు ‘ముభావి’ అని వున్నది. తేడా ఆ ఒక్క మాటే. మొదటి జట్టులో నూటికి 91 మంది అతను ఉదారుడన్నారు. రెండో జట్టులో ఆ మాట అన్నవాళ్లు నూటికి 8 మంది. ఔదార్యం గురించి జాబితాలో ఒక్క ముక్క లేదు. విన్నవాళ్లు కల్పించుకున్నారు. కథలో ఒక్క విశేషణం ఎంత పని చేస్తుందో దీన్ని మించి చెప్పే అలంకారశాస్త్రం లేదు.

ఇక ముఖాల సంగతి. 2006లో విల్లిస్, తొదొరొవ్ అనే పరిశోధకులు తెలియని మనుషుల ఫోటోలు సెకనులో పదో వంతు కాలం మాత్రమే చూపించి, వీళ్లు నమ్మదగినవాళ్లా, సమర్థులా అని అడిగారు. తీరికగా చూసినవాళ్లు చెప్పిన తీర్పూ, సెకనులో పదో వంతు చూసినవాళ్లు చెప్పిన తీర్పూ చాలావరకు ఒకటే. ఎక్కువసేపు చూస్తే పెరిగింది ముఖ్యంగా తమ తీర్పుమీద ధీమా. అంతకు ముందు సంవత్సరం అదే తొదొరొవ్, ఆయన సహచరులు అమెరికా సెనేటు అభ్యర్థుల ఫోటోలు జంటజంటలుగా చూపించి, ఇద్దరిలో ఎవరు సమర్థుడుగా కనిపిస్తున్నారో చెప్పమన్నారు. అలా చెప్పినవాళ్లే నూటికి దాదాపు 70 పోటీల్లో గెలిచినవాళ్లు. దీన్నిబట్టి ముఖంలో సామర్థ్యం కనిపిస్తుందని కొందరు అనుకుంటారు. ప్రయోగం చెప్పింది అది కాదు. ఓటర్లూ ఫోటోలు చూసినవాళ్లూ ఒకే రకంగా బోల్తాపడతారని మాత్రమే చెప్పింది.

ఇక్కడొక తేడా గట్టిగా పట్టుకోవాలి. పదిమంది ఒకే మాట అనడం వేరు, ఆ మాట నిజం కావడం వేరు. తొలిచూపు తీర్పుల్లో ఏకాభిప్రాయం ఎక్కువ. నిజం మాత్రం గుణాన్నిబట్టి మారుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని కొత్తవాళ్లను ఒక గదిలో కూచోబెట్టి, ఒకరి గురించి ఒకరిని అడిగిన ప్రయోగాలు 1966లోనూ 1988లోనూ జరిగాయి. కలుపుగోలుతనం విషయంలో అపరిచితుల అంచనా ఆ మనిషి తన గురించి తాను చెప్పుకున్నదానితో కొంత సరిపోయింది. ఇందులో వింత లేదు. కలుపుగోలుతనం పైకి కనిపించే గుణమే. గొంతులో, నవ్వులో, చేతుల కదలికలో తెలిసిపోతుంది. 2002లో గాస్లింగ్ బృందం మనిషిని చూపకుండా అతని పడకగదిని మాత్రమే చూపించినా, ఆ మనిషి క్రమశిక్షణనూ కొత్త విషయాలమీద ఆసక్తినీ చూసినవాళ్లు కొంతవరకు పట్టగలిగారు. గది మనిషి చేసిన పనుల ఫలితం. ముక్కు అతను చేసింది కాదు. పాత్రచిత్రణ చేసే రచయిత ఈ రెండు వాక్యాలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

నిజాయితీ దగ్గరికి వచ్చేసరికి చూపు మసకబారుతుంది. మనిషి మాట్లాడుతుంటే చూసి, విని, అబద్ధమో నిజమో చెప్పమన్న ప్రయోగాలన్నిటినీ 2006లో బాండ్, డిపాలో కలిపి లెక్కకట్టారు. సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది. మనిషి కళ్లలోకి చూసి అబద్ధం పట్టేస్తానని చెప్పుకునేవాళ్ల గొప్ప ఆ నాలుగు సార్లపాటిది.

మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన నళినీ అంబాడీ చేసిన ప్రయోగం కూడా తరచూ చెబుతుంటారు. 1993లో ఆమె, రోజెంతాల్ కలిసి ప్రకటించినది. అధ్యాపకులు పాఠం చెబుతుండగా తీసిన, అరనిమిషమైనా లేని మూగ దృశ్యాలు చూసి అపరిచితులు వేసిన మార్కులు, ఆ తరగతి విద్యార్థులు చివర్లో వేసిన మార్కులతో బాగా కలిశాయి. తొలిచూపు శక్తికి ఇది పెద్ద రుజువని అంటారు. కాని, కలిసింది విద్యార్థుల మెప్పుతోనే. ఆ విద్యార్థులు ఎంత నేర్చుకున్నారనే దానితో పోల్చి చూడలేదు. మెప్పించే శక్తి తొలిచూపులో తెలుస్తుంది. మెప్పు వెనుక సరుకు వున్నదా అన్నది తెలియదు.

పాత జబ్బు యంత్రం రూపంలో తిరిగి రావడం కూడా మన కాలంలోనే చూశాం. 2016లో షాంఘైలో ఇద్దరు పరిశోధకులు ఫోటో చూసి నేరస్థుణ్ణి గుర్తుపట్టే పద్ధతిని కంప్యూటరుకు నేర్పామని ప్రకటించారు. తొదొరొవ్ మొదలైనవాళ్లు ఆ ఫోటోలు పరిశీలించి గుట్టు బయటపెట్టారు. నేరస్థులవిగా ఇచ్చినవి గుర్తింపు కార్డుల ఫోటోలు. మిగతావి ఇంటర్నెట్టులో ఏరినవి. ప్రచురించిన నమూనాల్లో మామూలు మనుషుల పెదవులమీద చిరునవ్వు వున్నది, మెడకు తెల్ల కాలరు వున్నది. యంత్రం పట్టింది నేరాన్ని కాదు, చిరునవ్వునూ చొక్కానూ. ‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు’ అనే అమాయకత్వం కంప్యూటరు లెక్కలతో చేసినా అమాయకత్వమే.

3

అమెరికా ప్రయోగశాలలో తొలిచూపు ముఖంతో మొదలవుతుంది. మన సమాజంలో అంతకు ముందే మొదలవుతుంది. పట్టణంలో అద్దె ఇంటికోసం వెళ్లినవాణ్ణి ఇంటాయన మొదట అడిగేది ఇంటిపేరు. ఆ ప్రశ్న వెనుక ఏమున్నదో అడిగినవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు. ఆ జవాబు చెవిన పడ్డాక అదే ముఖం శుభ్రంగానో మురికిగానో, అణకువగానో పొగరుగానో కనిపిస్తుంది. ఇంటిపేరు చాలకపోతే ఊరిపేరు, ఊరిపేరు చాలకపోతే యాస. మనవాళ్లు మనిషిని చూసి కులాన్ని వూహిస్తారని అంటారు. కులాన్ని కనుక్కుని మనిషిని వూహించడం అంతకన్న ఎక్కువ.

యాస విషయంలో మన కళలు చేసిన పాపం చిన్నది కాదు. కృష్ణా గుంటూరు మాట మర్యాదస్థుల మాటగా నిలిచిపోయి, తెలంగాణ మాట ఎన్నో సినిమాల్లో రౌడీకో, హాస్యగాడికో అతికింది. తెరమీద మనిషి నోరు విప్పగానే వాడి స్వభావం తేలిపోయింది. చాలాకాలం దీన్ని వినోదమనుకున్నారు. హైదరాబాదులో ఉద్యోగం కోసం వెళ్లి నోరు విప్పిన కుర్రవాడికి అది వినోదంగా లేదు. తెలంగాణ రచయితలు దీన్ని ఎత్తిచూపినప్పుడు అది ప్రాంతీయాభిమానమని కొట్టిపారేసినవాళ్లున్నారు. అది పాత్రచిత్రణకు సంబంధించిన మౌలికమైన ప్రశ్న.

శరీరంమీద సామెతలు కూడా ఇలాంటివే. ‘పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు’ అని నవ్వుతూ అంటాం. కథలో పొట్టివాడు రాగానే పాఠకుడు జిత్తుల కోసం ఎదురుచూస్తాడు. రచయిత శ్రమ తగ్గుతుంది. పొట్టివాడి శ్రమ పెరుగుతుంది.

4

ఈ సమస్యను మన సాహిత్యంలో గురజాడకంటే లోతుగా పట్టుకున్నవాళ్లు తక్కువ. థర్‌స్టన్ సంపుటాలు వెలువడిన 1909లోనే, మళ్లీ రాసిన ‘కన్యాశుల్కం’ కూడా వెలువడింది. మనిషి లోపలి సంగతి పైనుంచి కొలవడం అసాధ్యమని ఆ నాటకం అంకం తర్వాత అంకంలో చూపిస్తుంది.

గిరీశం ప్రవేశం ఎలా జరిగిందో గమనించాలి. మొదటి రంగంలో అతను ఒంటరిగా వుంటాడు. తన అప్పులూ, తన మోసాలూ, ఊరు వదలవలసిన అవసరమూ తనలో తాను చెప్పుకుంటాడు. అతని ముక్కు ఎలా వున్నదో మనకు తెలియదు. అతని పరిస్థితి తెలుస్తుంది. లోపలిమనిషిని ముందు చూపించి, ఆ తర్వాత అతను ఒక్కొక్కరికి పైకి ఎలా కనిపిస్తాడో గురజాడ చూపించాడు. అంచేత ప్రేక్షకుడి దృష్టి ‘ఇతను ఎలాంటివాడు’ అనే ప్రశ్నమీద కాక, ‘వీళ్లు ఇతన్ని ఎందుకు నమ్ముతున్నారు’ అనే ప్రశ్నమీద నిలుస్తుంది. తొలిచూపు సమస్యలో అసలు ప్రశ్న అదే.

వెంకటేశం కంటికి గిరీశం గొప్పవాడు. పరీక్ష తప్పిన కుర్రవాడికి ఒక అండ కావాలి. వెంకమ్మకు గిరీశం మహా విద్వాంసుడు. గురుశిష్యులు బడి పుస్తకాల ముక్కలు అప్పజెప్పుకుంటుంటే అది ఇంగ్లీషు సంభాషణ అనుకుని ఆ తల్లి మురిసిపోతుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కొడుకు చదువుమీద పెట్టిన డబ్బు వృథా కాలేదని నమ్మవలసిన అవసరం మాత్రం వున్నది. ఇంగ్లీషు చదువంటే మండిపడే అగ్నిహోత్రావధాన్లు కూడా, కోర్టు కాగితాల పనికి పనికివస్తాడనేసరికి మెత్తబడతాడు. బుచ్చమ్మకు తన బతుకు మారే దారి ఒకటి ఇతని మాటల్లో కనిపిస్తుంది. ఇంతమందీ ఒకే మనిషిని చూస్తున్నారు. ఎవరి అవసరం వాళ్లకు ఒక గిరీశాన్ని తయారుచేసి ఇచ్చింది. తొలిచూపు తప్పడానికి కళ్లు కారణం కాదనీ, చూసేవాడి అవసరం కారణమనీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అందరిలోకి సౌజన్యారావు పంతులు సంగతి ముఖ్యం. ఆయన మూఢుడు కాడు, స్వార్థపరుడు కాడు. చదువుకున్న వకీలు, సంస్కర్త. అయినా రెండుసార్లు తప్పు చూశాడు. వితంతువును పెళ్లాడడానికి సిద్ధపడిన యువకుడు గనుక గిరీశం యోగ్యుడనుకున్నాడు. వేశ్యలు సంఘానికి చీడ గనుక వాళ్ల ముఖం చూడకూడదనుకున్నాడు. ఆయన మనుషులను చూడలేదు. తన ఆశయానికి అనుకూలమైన జాబితా ఒకటి, ప్రతికూలమైన జాబితా ఒకటి చూశాడు. మధురవాణి ఆయన ఇంట్లోకి మగవేషంలో రావలసి వచ్చింది. మనిషిగా మాట్లాడడానికి ఆమెకు వేషం కావలసి వచ్చిందన్నమాట. ఆ సంభాషణలో ఆయన జాబితాలు రెండూ కూలిపోయాయి. గిరీశం గతం బయటపడింది. వేశ్య అనే పేరు వెనుక, తనకంటే సూక్ష్మంగా మనుషుల్ని తెలిసిన ఒక స్త్రీ కనిపించింది.

మధురవాణి గిరీశాన్ని తొలిచూపులో కనిపెట్టిందని గురజాడ ఎక్కడా అనలేదు. అతనితో కలిసి మెలిగింది గనుక తెలుసుకున్నది. ఆమె వృత్తిలో మనుషుల్ని తెలుసుకోకపోతే నష్టం ఆమెదే. అగ్నిహోత్రావధాన్లు మనిషిని తప్పుగా అంచనా వేస్తే దాని ఫలితం కూతురు అనుభవిస్తుంది. ఇది ఒక్క నాటకానికి సంబంధించిన సంగతి కాదు. అధికారం వున్నవాడికి కిందివాణ్ణి సరిగ్గా చూడవలసిన అగత్యం తక్కువ. మూసలో వేసి చూసినా రోజు గడిచిపోతుంది. కిందివాడు మాత్రం పైవాడి కనుబొమల కదలిక కూడా చదువుకుంటూ బతకాలి. మనస్తత్వ శాస్త్రంలో సూజన్ ఫిస్కే 1993లో ఈ వాదాన్ని ముందుకు తెచ్చింది. గురజాడ అంతకుముందే నాటకంగా రాసిపెట్టాడు.

ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్లకు జేన్ ఆస్టెన్ గుర్తుకు వస్తుంది. 1813లో అచ్చయిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ నవలకు ఆమె ముందు పెట్టుకున్న పేరు ‘తొలి అభిప్రాయాలు’ అనే అర్థం వచ్చేదే. అందులో ఎలిజబెత్ డార్సీని తప్పుగా చూడడానికి కారణం అతను ఆమె అహాన్ని దెబ్బతీయడం. విక్‌హామ్‌ని తప్పుగా చూడడానికి కారణం అతను ఆమె అహాన్ని దువ్వడం. ఆమె కళ్లు తెరిచింది ఒక ఉత్తరం, అంటే సాక్ష్యం. ఆస్టెన్ ప్రపంచం చిన్నది. అక్కడ తప్పు చూపుకు ఖరీదు ఒక పెళ్లి ఆలస్యం కావడం. గురజాడ ప్రపంచంలో ఆ ఖరీదు ఒక వితంతువు జీవితం. ఇద్దరు రచయితలూ నేర్పే పాఠం మాత్రం ఒక్కటే. తప్పు చూపును సవరించేది మరింత తీక్షణమైన చూపు కాదు, కొత్తగా తెలిసిన వాస్తవం.

5

ఇక మన ఇంటి సంగతి మాట్లాడుకోవాలి. అభ్యుదయ రచయితలుగా మనం సాముద్రికాన్ని వెక్కిరించాం, ప్రబంధవర్ణనల్ని ఖండించాం. కాని, మన కథల్లో ఎన్నింటిలో భూస్వామి బొజ్జతో, బుర్రమీసాలతో, వేళ్లనిండా ఉంగరాలతో ప్రవేశించలేదు? ఎన్నింటిలో వడ్డీవ్యాపారి కళ్లు గుంటనక్క కళ్లు కాలేదు? ఎన్నింటిలో శ్రామికుడి చూపులు నిప్పులు కురిపించలేదు? రాజుగారి ఆజానుబాహుత్వం తీసుకువచ్చి కార్మికుడికి తగిలించాం. రాక్షసుడి కోరలు తీసుకువచ్చి కామందుకు పెట్టాం. పాత్రలు మారాయి, శాస్త్రం మారలేదు. అది లావాటర్ శాస్త్రమే.

దీనికొక సమర్థన వున్నది. కథ చిన్నది, స్థలం తక్కువ, పాఠకుడికి వెంటనే పాత్ర అందాలి, పైగా మనం చిత్రించేది ఒక వ్యక్తిని కాదు, ఒక వర్గప్రతినిధిని అంటారు. ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. ప్రతినిధి పాత్ర కావలసిందే. అయితే ప్రతినిధి పాత్రకు ప్రాతినిధ్యం వచ్చేది అతను నిలబడ్డ చోటునుంచి, చేసే పనినుంచి, ఇతరులతో అతనికున్న సంబంధంనుంచి. బొజ్జనుంచి రాదు. బొజ్జ వర్గలక్షణమైతే బక్కపలచని భూస్వామి చేతిలో రైతు మోసపోవలసిందే. మూస పాత్ర పాఠకుణ్ణి చైతన్యవంతుణ్ణి చెయ్యదు, ఏమరుపాటులో పడేస్తుంది. కథలో దుర్మార్గుణ్ణి చూడగానే గుర్తుపట్టడం అలవాటైన పాఠకుడు, జీవితంలో మృదువుగా మాట్లాడే దోపిడీదారు ఎదురైనప్పుడు అతన్ని గుర్తుపట్టలేడు.

ఈ ప్రమాదాన్ని అందరికంటే బాగా గ్రహించినవాడు కాళీపట్నం రామారావు. 1966లో వెలువడిన ‘యజ్ఞం’ కథలో శ్రీరాములునాయుడు ఊరంతా గౌరవించే పెద్దమనిషి. ఊరికి మంచి చేశాడన్న పేరున్నవాడు. నెమ్మదస్తుడు, న్యాయం మాట్లాడేవాడు. తొలిచూపులో పాఠకుడు అతన్ని మంచివాడనుకుంటాడు. మామూలు రచయిత అయితే చివర్లో అతని ముసుగు లాగి లోపల రాక్షసుణ్ణి చూపించి చప్పట్లు కొట్టించుకునేవాడు. రామారావు ఆ పని చెయ్యలేదు. నాయుడు మంచివాడే కావచ్చు. ఆ మంచితనం చేసిన న్యాయం ప్రకారమే అప్పల్రాముడి కుటుంబం అప్పు కింద నలిగిపోతుంది. బానిసబతుకు తన కొడుక్కి రాకూడదని సీతారాముడు ఆ పసివాణ్ణి చంపేస్తాడు. అప్పుడు పాఠకుడికి తెలుస్తుంది, తాను ఇంతసేపూ తప్పు ప్రశ్న వేసుకున్నానని. నాయుడి గుణం ఏమిటి అన్నది కాదు ప్రశ్న. నాయుడికీ అప్పల్రాముడికీ మధ్యనున్న సంబంధం ఏమిటి అన్నది ప్రశ్న. ఈ కథమీద అంత చర్చ జరగడానికి ఒక కారణం, మంచిచెడ్డల జాబితాలో నాయుణ్ణి ఎక్కడ వెయ్యాలో తేలకపోవడమే. ఆ తేలకపోవడం కథ లోపం కాదు, దాని బలం.

ఇక్కడ మనస్తత్వ శాస్త్రం ఆగిపోయిన చోటునుంచి సాహిత్యం ముందుకు వెళుతుంది. అపరిచితుడి స్వభావాన్ని నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలం అని శాస్త్రజ్ఞుడు అడుగుతాడు. అది అవసరమైన ప్రశ్నే. సరిగ్గా చెప్పగలిగినా సరిపోతుందా అని రచయిత అడగాలి. మనిషి గుణం అతని చర్మంకింద దాగివున్న వస్తువు కాదు. ఎవరితో, ఎక్కడ, ఏ అవసరంలో వున్నాడనే దాన్నిబట్టి కూడా అది తయారవుతుంది.

కనుక కొత్తగా రాసేవాళ్లు పాత్ర ప్రవేశాన్ని దిద్దుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే మేలు. ఒకటి: ఈ రూపాన్ని చూస్తున్నది ఎవరు? రచయితా, కథలోని మరో మనిషా? మరో మనిషైతే అతని అవసరం ఏమిటి? రెండు: నేను ఇచ్చిన గుర్తు ఆ మనిషి పుట్టుకతో వచ్చినదా, చేసిన పనివల్ల వచ్చినదా? చేతిమీది కాయలు పని చెబుతాయి. చర్మం రంగు ఏ పనీ చెప్పదు. మూడు: కథ ముగిసేసరికి పాఠకుడి తొలిచూపు ఎక్కడున్నది? మొదట వున్నచోటే వుంటే, మధ్యలో ఇన్ని పేజీలు ఎందుకు రాసినట్టు?

విద్యార్థులు కూడా పాత్రల స్వభావాలు వర్ణించమనే పరీక్షప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఈ మూడూ గుర్తుపెట్టుకోవచ్చు. గిరీశం మోసగాడు, మధురవాణి వుదాత్తురాలు అని రెండు ముక్కలు రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. కాని, సౌజన్యారావు వంటి మంచివాడు ఆ ఇద్దరినీ తలకిందులుగా ఎందుకు చూశాడో రాసినప్పుడే నాటకం చదివినట్టు.

నేరస్థ తెగల చట్టం రద్దయి డెబ్భై ఏళ్లు దాటింది. ఆ చట్టాన్ని నడిపిన చూపు ఇంకా వీధిలో, స్టేషనులో, అద్దె ఇంటి గుమ్మంలో పనిచేస్తూనే వున్నది. ఆ చూపుకు కథల ద్వారా కొత్త పదును పెట్టకుండా వుండడం రచయిత చెయ్యగల కనీసపు పని. ఆ చూపు ఎలా తయారవుతుందో చూపించడం అంతకంటే పెద్ద పని.